పొట్టి మెట్టు

శుభలేఖలు, ఎరువుల కొట్టు కరపత్రాలు,
రొయ్యల మేత బస్తాల మీది అక్షరాలు,
నా షాపుకొచ్చే పనులు ఇవే.
నరసాపురంలో, పంటు దిగి బజారుకొచ్చే దారిలో
పదడుగుల గది. కరెంటుంటే ఫ్యాను.

ఉపదేశి బాలశౌరి గారు
సంచిలోంచి నోటుబుక్కు తీసి
బల్ల మీద పెట్టకుండా చేత్తోనే పట్టుకుని
"పాటలమ్మా. లాటిన్‌వి. ఎవరికీ అక్కర్లేదు.
అచ్చేసి పెట్టు" అన్నారు.

నాలుగే గీతలు. వాటి మీద నల్లటి చదరాలు,
చీమలు మోసుకుపోతున్న బెల్లం పలుకుల్లా.
ప్రతి వరస మొదట్లో
తలుపు గొళ్ళెం లాంటి కొక్కెం ఒకటి.
"ఇదేంటండీ?"
"అది లేకపోతే మిగతావన్నీ మూగవి."

సాఫ్ట్‌వేరుకి ఆ సంగతి తెలీదు.
తెరిస్తే చాలు, ఐదు గీతలు గీసేస్తుంది,
మెలికల గుర్తొకటి తెచ్చి దించుతుంది,
నాలుగు మాత్రల తాళం కట్టి
చేపల చెరువుకి గట్లేసినట్టు
అడ్డగీతలు పాతేస్తుంది.
ఒక్కోటీ పీకాను.
ఐదో గీత పోవడానికి ఓ రాత్రి,
కొక్కేన్ని దాని గీత మీద నిలబెట్టడానికి మూడు రాత్రులు.

పాట మరీ పైకెక్కి గీతలు చాలనప్పుడు
కొక్కేన్నే ఒక గీత కిందికి దించుతారట,
ఏరు పెరిగితే పడవ మోకు వదులు చేసినట్టు.
నేను దించగానే
చదరాలన్నీ దాని వెంట బిలబిలా దిగిపోయేవి.
"మీరెక్కడికే! మారేది మీ పేర్లే,
మీరున్న చోటు కాదు!"
పక్క టైలరు సత్తార్ భాయ్ తల లోపలికి పెట్టి చూశాడు,
ఎవరితో గొడవాని.

వరస చివర సగం చదరం కూడా ఉంటుంది.
పాడకూడదు దాన్ని.
వచ్చే వరస ఎక్కడ మొదలో ముందే చెబుతుంది,
ఊరు రాకముందే పాలకొల్లు పాలకొల్లని
అరిచే కండక్టర్లా.
దాని మీద నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది.

ముప్పై ఏడో పేజీ.
ఎనభై ఆరు వరద ఎడమ అంచుని తినేసింది.
చదరాలున్నాయి. కొక్కేల్లేవు.

"ఎక్కడ పెట్టమంటారు?"
ఆయన మాట్లాడలేదు. "పోనీ పాడండి" అన్నాను.
ఫోన్లో శ్రుతి యాప్ పెట్టుకుని విన్నాను.
సోమవారం ఒకలా చూపించింది,
గురువారం, ఆయనకి జలుబు, ఇంకోలా.
"మీది ఎన్నో శ్రుతండీ?"
దగ్గు ఆగాక నవ్వారు.
"శ్రుతేంటమ్మా, ఆ పూట గొంతెంతుంటే అంతే.
నువ్వు వెతకాల్సింది పొట్టి మెట్టు.

రేవులో కళ్ళు మూసుకుని దిగావా ఎప్పుడైనా?
మెట్లన్నీ ఒకటే ఎత్తు, ఒకటో రెండో తప్ప.
అక్కడ నువ్వనుకున్నదానికంటే ముందే
పాదం ఆనుతుంది.
ఎంత దూరం దిగావో అప్పుడు తెలుస్తుంది.
కొక్కెం చెప్పేదంతే, పొట్టి మెట్టు నా కిందుందని."

యాప్ ఆపేశాను.
మళ్ళీ పాడారు. మళ్ళీ.
నాలుగోసారి, ఓ దీర్ఘం దిగుతుంటే
ఠక్కున ఆనింది.
దాని కింద మూడు పెద్ద మెట్లు,
తర్వాత ఇంకో పొట్టిది.
అయితే ఇది "ఫా" కాదు, "దో".
పైనుంచి రెండో గీత. పెట్టాను.
ఈసారి చదరాలు కదల్లేదు,
కదలనివ్వకుండా ఎక్కడ నొక్కాలో
అప్పటికి నాకు తెలుసు.

అచ్చు కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని
చాలాసేపు చూశారు.
"కొక్కెం లావైంది. కాస్త తగ్గించు."
తగ్గించాను. పేజీకి ఇరవై ఇచ్చారు,
చిల్లర లేదంటే నోటుబుక్కు ఊగించి
వెళ్ళిపోయారు.

ఇంటికెళ్తూ రేవు దిగాను.
కళ్ళు మూసుకున్నాను గానీ పూర్తిగా కాదు,
బట్టలుతుకుతున్న ఆవిడ చూస్తోంది.
ఆరోదో ఏడోదో.
పాదానికి తెలిసింది.
లెక్క మాత్రం నాకు తప్పింది.